చిత్రావతి, పెన్నా పక్కల నీటి సంఘాల పెద్దలకు ఒక మనవి

అన్నలారా, అక్కలారా, పెద్దలారా,

అందరికీ నమస్కారం. 2024 డిసెంబరు ఎన్నికల్లో మీరు నీటి సంఘాల బాధ్యత తీసుకున్నారు. చెరువు గురించి అడగాలంటే ఎవరిని అడగాలో తెలియని స్థితి పోయి, ఊరికి మళ్లీ ఒక సంఘం వచ్చినందుకు సంతోషపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ ఉత్తరం మొదట కలెక్టరుగారికి రాద్దామనుకున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. నేను అడగబోయే పనుల్లో చాలావాటికి పైనుంచి ఆర్డరు అక్కర్లేదు. మీరు కూర్చుని మాట్లాడుకుంటే చాలు. అందుకే మీకు రాస్తున్నాను.

నేను పుట్టింది శ్రీ సత్యసాయి జిల్లాలో, చిత్రావతిలో కలిసే ఒక వంక పక్కన. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో చెప్పే తప్పుల్లో మా ఇంటివీ ఉన్నాయి, మా బంధువులవీ ఉన్నాయి. ఎవరినీ వీధిలో నిలబెట్టాలని నాకు లేదు.

2021 నవంబరు వానలకు మా చెరువు నిండి మరువ పారింది, అంటే మిగులు నీళ్లు పోయే దారిన పొర్లింది. ఊరంతా కట్ట మీదకు వచ్చింది. ఆడవాళ్లు పసుపు కుంకుమ తెచ్చి గంగమ్మకు పూజ చేశారు. పదేళ్ల లోపు పిల్లలకు ఆ చప్పుడే కొత్త. నేనప్పుడు బెంగళూరు నుంచి వచ్చి ఉన్నాను. మర్నాడు పొద్దున్నే నీళ్లు ఏ దారిన వచ్చాయో చూద్దామని వంక పట్టుకుని పైకి నడిచాను. చెరువుకు నీళ్లు తెచ్చే దారులు రెండు. ఒకటి పెద్ద వంక. రెండోది కొండ అడుగు నుంచి వచ్చే కాలువ, మా జేజినాయన దాన్ని పిల్లకాలువ అనేవాడు. ఆ పిల్లకాలువలో ఒక్క చుక్క లేదు. పైన మట్టి రోడ్డు వేసినప్పుడు కింద పెట్టిన పైపు మనిషి నడుమంత కూడా లేదు, అదీ చెత్తతో మూసుకుపోయింది. నీళ్లన్నీ రోడ్డు పక్కగా తిరిగి ఎవరి చేలోనో పడి, వేరుశనగ కట్టెను కొట్టుకుపోయాయి. ఇంకొంచెం పైన కాలువ గట్టును చదును చేసి చీనీ (బత్తాయి) చెట్లు పెట్టారు. ఆ చెట్లు పెట్టింది మా చిన్నాయన.

అంత వానలో చెరువు నిండింది కాబట్టి ఆ రోజు ఎవరికీ ఇది కనబడలేదు. మామూలు వాన పడే ఏడాదిలో ఆ పిల్లకాలువ తెచ్చే నీళ్లే చెరువుకు సగం. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ పొద్దున నడకలోనే ఉంది. మనం చెరువు కట్ట దగ్గర నిలబడి కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయని ఎదురు చూస్తున్నాం. కట్ట దిగి వంక వెంట పైకి నడవడం మానేశాం.

కాలువ వద్దని నేను అనడం లేదు. కృష్ణా నీళ్లు హంద్రీ-నీవా ఎత్తిపోతల కాలువలో మన జీడిపల్లి జలాశయం దాకా వచ్చిన రోజు మా నాయన టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో రాయలసీమకు ముందు వాటా అని 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ పెద్దలు శ్రీబాగ్ ఒప్పందంలో రాసుకున్నారు. ఆ మాట కోసం మూడు తరాలు అడిగాయి, ఇంకా అడగాల్సిందే. తుంగభద్ర ఎగువ కాలువ వాటా కోసం కూడా అడగాల్సిందే. ఆ డ్యాము కట్టినప్పుడు 133 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు) పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105 దగ్గరకు వచ్చింది. 2024 ఆగస్టులో దాని 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మన ఆయకట్టు రైతులు ఎన్ని రాత్రులు టెన్షన్‌తో గడిపారో నాకు తెలుసు. వందల కిలోమీటర్ల అవతల ఒక గేటు తెగితే ఇక్కడ మన గుండె ఆగినంత పనైంది. అంతగా మనం దూరపు నీళ్ల మీద ఆనుకుని ఉన్నాం. అందుకే దగ్గరి నీళ్ల సంగతి అడుగుతున్నాను.

ఒక లెక్క చూడండి. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది 4 వేల లీటర్లు. మనకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే ఎకరాకు 22 లక్షల లీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు. అంత నేల మీద సగటు ఏడాదిలో పడే వానను కలిపితే 370 టీఎంసీలు దాటుతుంది. హంద్రీ-నీవాకు అనుకున్న కృష్ణా వరద నీళ్లు నాలుగు ఉమ్మడి జిల్లాలకూ కలిపి 40 టీఎంసీలు.

370లో ఎక్కువ భాగం మన చేతికి రాదని నాకూ తెలుసు. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యపు వాన తూర్పు తీరం నుంచి మనదాకా వచ్చేసరికి పలచబడుతుంది. పడ్డ కాస్తా కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా పడిపోతుంది. తర్వాత ఎండ. ఏడాది పొడుగునా మన ఎండ లాగగలిగే తడి, పడే వానకు మూడింతల దాకా ఉంటుంది. చేనూ చెట్టూ తాగేది కొంత. కానీ నూటికి ఐదు మాత్రం అదనంగా నేలలోకి దింపుకోగలిగినా అది 18 టీఎంసీలు. దానికి లిఫ్టు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు, ఏ బోర్డు మీటింగులోనూ వాదించక్కర్లేదు.

ఆ నీళ్లను దింపేది ఎవరంటే, పేరు లేని మన వంకలే. మ్యాపులో పెన్నా ఒక నీలం గీత. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. జయమంగళి, కుముద్వతి, చిత్రావతి, కుందూ, పాపాఘ్ని, సగిలేరు, చెయ్యేరు అందులో కలిసే పేరున్న ఉపనదులు. చిత్రావతికి నీళ్లు తెచ్చేవి మాత్రం మా ఊరి వంకలాంటివి కొన్ని వందలు, ఏ మ్యాపులోనూ పేరు లేనివి. ఒక్కో వంక మీద మూడు నాలుగు చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు మరువ పారితే కింది చెరువుకు నీళ్లు. పై చెరువు మరువను ఎవరైనా మూరెడు ఎత్తు పెంచితే కింది ఊరు ఎండిపోతుంది. ఇది మీకు నేను చెప్పాల్సిన సంగతి కాదు, మీ ఊళ్లలో దీని మీద జరిగిన గొడవలు నాకన్నా మీకే ఎక్కువ తెలుసు.

మన పెద్దలు ఈ చదువంతా రాసి పెట్టారు. అనంతపురం చెరువు 1364 నాటిది. 1369లో విజయనగర రాకుమారుడు భాస్కరుడు కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు కట్టించి, దాని పక్కనే శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని కూడా ఉంది. ఆ ఆరు దోషాలు చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. కట్ట నుంచి నీళ్లు కారడం, చౌడు నేల, చెరువు నడుమ మిట్ట ఉండడం, తక్కువ నేలకు ఎక్కువ నీళ్లు, తక్కువ నీళ్లకు ఎక్కువ నేల. మిగిలింది, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం.

ఇందులో రెండు దోషాలు ఈ రోజు మన మెడకే చుట్టుకుని ఉన్నాయి.

సరిహద్దు సంగతి ముందు చెబుతాను. పెన్నా, చిత్రావతి, జయమంగళి, వేదవతి, అన్నీ కర్ణాటకలో పుట్టి మనకు వస్తాయి. 1892లో మద్రాసు ప్రభుత్వానికీ మైసూరు సంస్థానానికీ జరిగిన ఒప్పందంలో 15 నదుల జాబితా ఉంది. అందులో పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని, వేదవతి నాలుగూ ఉన్నాయి. కింది వాళ్లను అడగకుండా పైన కొత్త జలాశయాలు కట్టకూడదని ఆ ఒప్పందం. ఆ తర్వాత పైన ఏమేం కట్టారో, బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు బ్యారేజీ విషయంలో మనవాళ్లు ఎంత గొంతు చించుకున్నారో మీకు గుర్తుంది. వేదవతి మీద 1907లో కట్టిన వాణీ విలాస సాగరం 1933 తర్వాత నిండి పొర్లింది 2022లోనే. మధ్యలో 89 ఏళ్లు. ఆ కింద గుమ్మగట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టు ఆయకట్టు రైతులు ఎన్ని ఏళ్లు ఖాళీ గర్భాన్ని చూస్తూ కూర్చున్నారో లెక్కలేదు. కర్ణాటకలోని ఎగువ భద్ర ప్రాజెక్టుకు కేంద్రం 2023-24 బడ్జెట్‌లో 5,300 కోట్లు ప్రకటించింది. మన వాటా కోసం ప్రభుత్వం గట్టిగా మాట్లాడాలి. మీరు కూడా తీర్మానాలు చేసి పంపండి.

కానీ పై రైతును శత్రువు అనుకోవద్దని నా మనవి. బాగేపల్లి, గౌరీబిదనూరు, పావగడ కూడా మనలాగే ఎండిన నేలలు. అక్కడా చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, మన ఆడపిల్లలను అక్కడికి ఇచ్చాం, వాళ్ల పిల్లలను తెచ్చుకున్నాం. పైగా పైవాళ్లు ఆపారని మనం అంటున్న మాటే, మన కింది ఊరు మన గురించి అంటోంది. మా చిన్నాయన చీనీ చెట్ల గురించి కింది చెరువు రైతు ఏమనుకుంటాడో నేను ఊహించగలను.

రెండో దోషం, తక్కువ నీళ్లకు ఎక్కువ నేల. ఇది మన చేతులారా చేసుకున్నది.

మా జేజినాయన కాలంలో ఎండాకాలం చిత్రావతి ఇసుకలో చెలమ తోడితే రెండు మూరల్లో నీళ్లు ఊరేవి. ఏటి ఇసుకలో ఊట కాలువలు తవ్వి, పైన చుక్క పారకపోయినా, అడుగున నడిచే నీళ్లను మళ్లించి మడి తడిపేవాళ్లు. కపిల బావిలో నీళ్లు తగ్గితే ఎద్దులే ఆగిపోయేవి, మనిషి ఆశ అక్కడితో ఆగేది. బోరుకు అలాంటి ఆపే చెయ్యి లేదు. మా నాయన పద్నాలుగేళ్లలో ఏడు బోర్లు వేశాడు. రెండింట్లో నీళ్లు పడ్డాయి. చివరిది 720 అడుగులు. రాత్రంతా రిగ్గు మోగింది, తెల్లారేసరికి చేను నిండా తెల్లటి రాతిపొడి. అమ్మ మెడలో పసుపుతాడు మాత్రం మిగిలింది. నీళ్లు పడ్డ బోరు సంగతి కూడా చెప్పాలి. అది పడిన నెలకే పక్క చేను వాళ్ల బోరు ఆగిపోయింది. వాళ్లు మా అక్క పెళ్లికి రాలేదు. రెండు ఇళ్లకూ మాటలు కలవడానికి పదకొండేళ్లు పట్టింది.

మన అడుగున ఉన్నది రాయి. పైన కొన్ని పదుల అడుగుల లోతు వరకు రాయి చిల్లులు పడి, పొడిబారి ఉంటుంది. వాన నీళ్లు నిలిచేది ప్రధానంగా అందులోనే. దాని కింద గట్టి బండ, అక్కడక్కడా సన్నటి పగుళ్లు. 700 అడుగుల్లో తగిలేది ఆ పగుళ్లలో ఎప్పటిదో దాగిన నీరు. అది మళ్లీ నిండాలంటే మన ఆయుష్షు చాలకపోవచ్చు. పై పొరను నింపేవి చెరువు, కుంట, వంకలో ఇసుక. హంద్రీ-నీవా కాలువకు లైనింగ్ వెయ్యొద్దని మన రైతులే అడిగారు కదా, ఊట ఆగిపోతుందని. కాలువ ఊట విలువ అంత బాగా తెలిసిన మనం, వంక ఊటను ఎందుకు వదిలేశామో నాకు అర్థం కాదు.

ఇసుక గురించి రాయకుండా ఉండలేను. ఒక ఘనపు మీటరు ఇసుక 200 లీటర్లకు పైగా నీళ్లు పట్టుకుంటుంది. పది ఘనపు మీటర్ల టిప్పరు వెళ్లిపోయిందంటే, ఒక్కో వరదకు 2 వేల లీటర్లు దాచుకునే చోటు వెళ్లిపోయినట్టే, ఈ ఏడాదికే కాదు, ఇసుక మళ్లీ చేరే దాకా. మా ఏట్లో రాత్రుళ్లు ట్రాక్టర్లు తిరిగిన మూడేళ్లలో ఒడ్డు మీది తాగునీటి బోరు రెండుసార్లు దింపాల్సి వచ్చింది. ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాను. తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, అంతటితో ఆగింది. ఊళ్లో వాళ్లే నన్ను పక్కకు పిలిచి, ఇల్లు కట్టుకునేవాళ్ల నోటి దగ్గర కూడు తీస్తావా అన్నారు. ఇల్లు కట్టుకోవద్దని నేను అనను. ఏ చోట తీయొచ్చు, ఏ లోతు దాకా, తాగునీటి బోరుకు ఎంత దూరంలో అన్నది ఊరు నిర్ణయించుకోవాలి. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు కూడా వెయ్యకూడదని 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల పరిరక్షణ) చట్టమే చెబుతోంది.

ఎండిన ఏరు అనుకుని మనం ఏటి మీదకు జరిగినప్పుడల్లా ఏరు తిరిగి వచ్చింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి పక్క ఊళ్లను ముంచేసింది. మనుషులు పోయారు, పశువులు పోయాయి, చేలలో ఇసుక మేట వేసింది. మరుసటి ఏడాది అక్టోబరులో అనంతపురం పట్టణంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. వంకకు చోటు లేకపోతే అది ఇంట్లోంచి పోతుంది.

ఇక మీరు చేయగలిగినవి. నీటి సంఘాల చట్టం 1997 నాటిది. వంతులవారీగా నీళ్లు పంచడం, ఆయకట్టుదారుల రిజిస్టరు రాయడం, తగాదాలు తీర్చడం మీ పనులుగా అందులోనే ఉన్నాయి. ఒకప్పుడు నీరుగంటి ఒక్కడే కర్ర పట్టుకుని ఈ పనంతా చేసేవాడు. మీకు చట్టం ఉంది, ఫోన్లో మ్యాపు ఉంది, చదువుకున్న పిల్లలున్నారు.

మొదటిది, చెరువు రిజిస్టరు పక్కనే వంక రిజిస్టరు ఒకటి పెట్టండి. వంక పుట్టే చోటు నుంచి చెరువు దాకా ఎక్కడ వెడల్పు ఎంత, ఎక్కడ పైపు చిన్నది, ఎక్కడ గట్టు దున్నేశారు, ఎక్కడ కంప చెట్లు మూసేశాయి, అన్నీ రాయండి. పేర్లు రాయకపోయినా పరవాలేదు, చోట్లు రాయండి. ఉపాధి హామీ పనులు అడిగేటప్పుడు ఆ రిజిస్టరు చూపించి అడగండి. మా ఊళ్లో పూడిక తీతకు మూడుసార్లు డబ్బు వచ్చింది, మూడుసార్లూ చెరువు గర్భంలోనే తవ్వారు. నీళ్లు వచ్చే దారి మూసుకుపోయిన చెరువును ఎంత లోతు తవ్వినా అందులో ఎండే నిలుస్తుంది.

రెండోది కష్టమైనది, అయినా అడుగుతాను. ప్రతి నవంబరులో చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో, బోర్లలో మట్టం ఎంత ఉందో చూసి, ఆ యాసంగికి ఎన్ని ఎకరాలు తడపగలమో ఆయకట్టు అంతా కూర్చుని లెక్క వేసుకోవాలి. ఇది కొత్త మాట కాదు. ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపిన భూగర్భ జలాల పథకం ఒకటి ఉండేది. రైతులే వానను కొలిచారు, బోరులోకి తాడు వదిలి మట్టం చూశారు, ఊరి నడుమ గోడ మీద లెక్క రాశారు. ఏ పంట వేయాలో ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు. లెక్క కళ్ల ముందు ఉండేసరికి చాలామంది వరి తగ్గించుకున్నారు. ఎకరా వరికి దాదాపు 48 లక్షల లీటర్లు కావాలి, అంటే రెండెకరాల మీద ఏడాదంతా పడే వానకన్నా ఎక్కువ. వేరుశనగకు అందులో సగం కూడా అక్కర్లేదు. చెరువు నిండిన సంవత్సరాన వరి వేయొద్దని నేను చెప్పలేను. మన మడి బియ్యం తినాలని మా అమ్మకూ ఉంటుంది. చెరువు సగమే ఉన్న ఏడాది ఎవరు ఎంత వేయాలన్నది మాత్రం ముందే మాట్లాడుకోండి, మార్చిలో మోటార్లు ఎండాక కాదు.

మూడోది, మీ సంఘం మీ చెరువుతో ఆగకూడదు. మీ వంక మీద పై చెరువు, కింది చెరువు సంఘాల వాళ్లను పిలిచి ఏడాదికి రెండుసార్లయినా ఒక చోట కూర్చోండి. మరువల ఎత్తు ఎంతో అందరి ముందూ కొలిచి, రాయి మీద గీత గీయండి. మా జిల్లాలో పాత చెరువుల తూముల దగ్గర ఇప్పటికీ అలాంటి గుర్తులు కనబడతాయి.

మా చిన్నాయనతో పోయిన సంక్రాంతికి మాట్లాడాను. మొదట కోప్పడ్డాడు. మూడో రోజు తనే నన్ను తీసుకెళ్లి, కాలువ ఒకప్పుడు ఎక్కడ నడిచిందో చేత్తో చూపించాడు. ఒక వరుస చెట్లు తీసేస్తే దారి వస్తుందన్నాడు. పదకొండు చెట్లు, కాపు మీదున్నవి. వాటికి ఊరు ఏమిస్తుందని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అది మీ సంఘాల్లో మాట్లాడాల్సిన ప్రశ్న. ఒకరి చెట్లు పోయి అందరి చెరువు నిండితే, ఆ ఒక్కరికి మొదటి తడి ఇవ్వొచ్చా, శిస్తులో ఏమైనా చూడొచ్చా, కౌలు భూమి చూపించొచ్చా? మీకు నాకన్నా అనుభవం ఉంది.

మే నెలలో, ముంగారు మొదలవకముందే, మా వంకను కొండ అడుగు నుంచి చెరువు దాకా నడుద్దామని మా ఊళ్లో పదిహేనుమంది ఒప్పుకున్నారు. కింది చెరువు సంఘం వాళ్లను కూడా పిలుస్తున్నాం. పొద్దున ఆరుకు బయలుదేరితే ఎండెక్కకముందే అయిపోతుంది. టేపు, నోటుబుక్కు నేను తెస్తాను. చిన్నాయన కూడా వస్తానన్నాడు.

మీ
చిత్రావతి పక్కన పుట్టిన ఒక రైతు కొడుకు